ఏప్రిల్ నీళ్ల లెక్కతో ఊరి చెరువులో చేపపిల్లలు వదలడం

తెలంగాణలోని పాత నల్గొండ, పాత పాలమూరు జిల్లాల్లో సెప్టెంబర్‌లో అలుగు పోసిన చెరువే ఏప్రిల్ వచ్చేసరికి తూము ముందర గుంటలా మిగులుతుంది. చేప ఆ గుంటలో కూడా బతకాలి. కానీ వదిలే చేపపిల్లల లెక్క మాత్రం రెవెన్యూ రికార్డులో ఉన్న శిఖం (చెరువు భూమి) విస్తీర్ణం మీదో, నిండుగా ఉన్నప్పటి ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) మీదో వేస్తారు. ఫలితం ఏటా చూస్తున్నదే. ఏప్రిల్‌లో చేపలు పావుకిలో దాటవు, మే నెలలో ఒక తెల్లవారుజామున కట్ట పొడవునా తేలి కనిపిస్తాయి. విత్తనం, అంటే వదిలిన చేపపిల్లలు, మంచిది కాదనుకుంటారు. చాలాసార్లు విత్తనం మంచిదే, లెక్కే తప్పు.

ఊరి మత్స్య సహకార సంఘం సొంతంగా చేసుకోగలిగిన పద్ధతి ఇది. సంఘంలో పదో తరగతి చదివిన పిల్లలు ఇద్దరుంటే చాలు. ఒక స్మార్ట్ ఫోన్, తెప్ప, 30 మీటర్ల టేపు, బరువు కట్టిన తాడు, పీహెచ్ కిట్టు, ఆక్సిజన్ కిట్టు, పది కిలోల కాటా, దోమతెర గుడ్డతో కుట్టిన హాపా (చేపపిల్లలను నీళ్లలోనే విడిగా ఉంచే తెర), గట్టి అట్టల నోటుబుక్కు సమకూర్చుకోవాలి. కిట్లు తప్ప మిగతావన్నీ ఊళ్లో దొరికేవే.

నీళ్లు ఎన్ని ఎకరాలు, ఎంత లోతు

అక్టోబర్ మొదటి వారంలో ఫోన్‌లో విస్తీర్ణం కొలిచే యాప్ పెట్టుకుని నీళ్ల అంచు వెంబడి చెరువు చుట్టూ నడవండి. తుంగ, తూటికాడ దట్టంగా ఉండి నడవలేని చోట తెప్ప మీద తిరగాలి. కట్ట మీద నడిచి మిగతాది అందాజుగా గీసేస్తే పది, పదిహేను ఎకరాలు ఎక్కువ చూపిస్తుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు ఇదే కొలత ప్రతి నెలా మొదటి వారంలో తీయాలి.

లోతు కోసం తాడుకు అర మీటరుకు ఒక ముడి వేసి, కింద కిలో రాయి కట్టండి. తూము నుంచి ఎదుటి ఒడ్డుకు ఒక గీత, దానికి అడ్డంగా ఇంకో గీత అనుకుని తెప్ప మీద పోతూ ప్రతి 30 మీటర్లకు తాడు వదలండి. తాడు వదులైన చోట ముడులు లెక్కపెట్టి రాసుకోండి. మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీసిన చెరువుల్లో ఈ పని మరీ అవసరం. పైకి చదునుగా కనిపించే చోట లోపల గుంతలుంటాయి, వేసవిలో చేపలు చేరేది వాటిలోకే.

కట్టమైసమ్మ దగ్గరి మెట్ల మీదో, తూము రాతి స్తంభం మీదో పది సెంటీమీటర్లకు ఒక గీత చొప్పున ఆయిల్ పెయింటుతో అంకెలు వేయండి. నెలనెలా కొలిచిన విస్తీర్ణం పక్కన ఆ రోజు ఏ గీత దగ్గర నీళ్లున్నాయో రాయండి. ఒక ఏడాది ఇలా రాస్తే, తర్వాతి ఏడాది నడవకుండానే గీత చూసి ఎకరాలు చెప్పొచ్చు.

పాలమూరులో కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు కాలువల కింద నిండే చెరువులకు, నల్గొండలో ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) నీళ్లొచ్చే చెరువులకు ఒక తేడా ఉంది. వాటిలో నీళ్లు ఒక్కసారి వచ్చి తగ్గిపోవు, కాలువ వదిలినప్పుడల్లా పెరుగుతాయి. వాటికి పాత ఏళ్లలో కాలువ ఏ నెలలో వచ్చింది, ఏ నెలలో ఆగింది అనేది నీటి సంఘం పెద్దలను అడిగి నోటుబుక్కులో రాసుకోవాలి. కాలువ ఈసారి ఏప్రిల్‌లో కూడా వస్తుందన్న ఆశ మీద పిల్లల లెక్క వేయొద్దు.

పిల్లల లెక్క

ఒక చెరువును అనుకుందాం. రికార్డులో 100 ఎకరాలు. అక్టోబర్‌లో కొలిస్తే నీళ్లు 70 ఎకరాలు, ఏప్రిల్ మొదట్లో 16 ఎకరాలు. ఈ రెండింటి సగటు 43 ఎకరాలు. చేపలకు మనం ఇవ్వగలిగిన చెరువు అంతే.

మేత వేయని చెరువులో ఎకరాకు ఎంత దిగుబడి వస్తుందో మీ సొంత రికార్డు లేనంతవరకు తక్కువ అంచనాతోనే మొదలుపెట్టండి. మొదటి ఏడాదికి ఎకరాకు 120 కిలోలు అనుకుంటే 43 ఎకరాలకు 5,160 కిలోలు. ఒక్కో చేప ముప్పావు కిలో కావాలంటే పట్టాల్సిన చేపలు 6,880.

ఇప్పుడు బతికేవి ఎన్ని అన్నది చూడాలి. 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్లో సగం బతుకుతాయనుకుంటే 13,760 వదలాలి. 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలైతే వాలుగ, కొర్రమట్ట, నీటికాకులు చాలావరకు తినేస్తాయి. ఐదింట ఒకటి మిగులుతుందనుకుంటే 34,400 కావాలి. సగం, ఐదో వంతు అన్నవి కూడా మొదటి ఏడాది అంచనాలే. ఏడాది చివర పట్టిన చేపల సంఖ్యను వదిలిన సంఖ్యతో భాగిస్తే మీ చెరువు అసలు శాతం వస్తుంది. రెండో ఏడాది లెక్కలో దాన్నే పెట్టాలి.

అదే 100 ఎకరాల లెక్కన వేసి ఉంటే 32,000 పెద్ద పిల్లలు పడేవి. ఉన్న తిండి అంతే కాబట్టి దిగుబడి పెరగదు, చేప సైజు తగ్గుతుంది. పావుకిలో చేపకు ముప్పావు కిలో చేప ధర రాదు.

రకాల సంగతికొస్తే, బొచ్చె పైనీళ్లలో, రవ్వ నడుమ, మ్రిగాల, బంగారు తీగ అడుగున తింటాయి. మూడు పొరల్లో తిండి వాడుకునేలా కలిపి వేయాలి. ఏప్రిల్‌కు గుంటయ్యే చెరువుల్లో అడుగు చేపగా బంగారు తీగ మేలు, తక్కువ నెలల్లోనే బరువొస్తుంది. ఏడాదంతా నీళ్లుండే చోట మ్రిగాల వేయొచ్చు. బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీళ్లు కావాలి. అందుకే వాటిని ఏటా వదలాల్సిందే. బంగారు తీగ మాత్రం చెరువులోనే నాచు, గడ్డి మీద గుడ్లు పెడుతుంది. అందుకని అది లెక్కకు మించి కనిపిస్తే కంగారు పడొద్దు. గడ్డిచేప నీటిగడ్డి నిజంగా ఎక్కువున్న చెరువులోనే వేయండి.

ఆఫ్రికన్ క్యాట్ ఫిష్ దేశంలో నిషేధం. ఎవరో ఉచితంగా ఇస్తామన్నా చెరువులోకి రానివ్వొద్దు. ఒక్కసారి దిగితే తీయడం మన చేతిలో ఉండదు, కాలువ వెంట కింది చెరువులన్నిటికీ పాకుతుంది. జిలేబీ (తిలాపియా) 1952లో మన దేశానికి వచ్చింది. రెండు మూడు నెలలకే గుడ్డు పెట్టి, పిల్లలను నోట్లో దాచి పెంచుకుంటుంది, అందుకే వదలకుండానే నిండిపోతుంది. చెరువు బాగా తగ్గినప్పుడు గుంటల్లో జిలేబీని చిన్న కన్ను వలతో మళ్లీ మళ్లీ లాగి తీసేయడమే దారి. మందు పెట్టి చంపొద్దు, ఆ నీళ్లు గొడ్లు తాగుతాయి.

వదలబోయే ముందు నీళ్లను చూడటం

నీళ్ల రంగు చూసి మంచి చెడ్డ చెప్పడం అనుభవమున్నవాళ్లకు వస్తుంది, కానీ దాన్ని అంకెగా రాస్తేనే పోల్చుకోవడానికి పనికొస్తుంది. 20 సెంటీమీటర్ల స్టీలు ప్లేటు తీసుకుని నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు ఒకటి విడిచి ఒకటి వేయండి. నడుమ రంధ్రం పెట్టి తాడు కట్టి, కింద బరువు వేలాడదీయండి. పొద్దున పది నుంచి రెండు గంటల మధ్య తెప్ప నీడ పడే వైపు దించండి. ప్లేటు కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు రెండూ రాసి సగటు తీయండి. 25 నుంచి 40 సెంటీమీటర్లు, నీళ్లు లేత ఆకుపచ్చగా ఉంటే తిండి బాగుంది. 60 దాటితే నీళ్లలో తిండి తక్కువ, పిల్లల సంఖ్య తగ్గించండి. 20 లోపల ఉంటే కారణం చూడాలి. గ్లాసులో పట్టి గంటసేపు కదపకుండా ఉంచితే మట్టి అయితే అడుగుకు దిగడం మొదలవుతుంది, నాచు అయితే పచ్చగానే ఉంటుంది. వరద మట్టి అయితే పది రోజులు ఆగాలి. చిక్కటి నాచు అయితే తెల్లవారుజామున ఆక్సిజన్ చూడకుండా పిల్లలను దించొద్దు.

బొచ్చె తినేది ఎక్కువగా నీళ్లలో తేలే సన్నటి పురుగులను. వాటిని చూడాలంటే వాటిని వడకట్టే సన్నటి ప్లవకాల వలలో 50 లీటర్ల నీళ్లు పోయాలి. ఒకే చోట ముంచకుండా చెరువులో ఐదు చోట్ల పది లీటర్ల చొప్పున తీసుకోండి. వల కొసన సీసాలో చేరిన నీళ్లను కొలత గీతలున్న గాజు గొట్టంలో పోసి చిటికెడు ఉప్పు వేయండి. అరగంటలో అడుగున పేరుకుంటుంది. ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు పేరుకుంటే మంచి చెరువు. అర మిల్లీలీటరు కూడా లేకపోతే వదలబోయే లెక్కలో మూడో వంతు తగ్గించండి.

పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లూ చూడండి, పచ్చటి నాచు ఉన్న చెరువులో మధ్యాహ్నానికి 9 దాటొచ్చు. ఈ ప్రాంతంలో నీళ్లు సహజంగానే క్షారం ఉన్నవి చాలా. అందుకే పక్క జిల్లా రొయ్యల, చేపల గుంటల్లో వేస్తున్నారని సున్నం తెచ్చి పోయడం దండగ, కొన్నిసార్లు నష్టం. పీహెచ్ 7 లోపల వస్తేనే సున్నం ఆలోచన చేయాలి.

ఆక్సిజన్ పరీక్ష సూర్యోదయానికి ముందే చేయాలి. పగలంతా నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తనూ వాడుకుంటుంది. కాబట్టి అన్నిటికన్నా తక్కువ ఉండేది తెల్లవారుజామునే. మధ్యాహ్నం తీసి బాగుందనుకుంటే మోసపోతారు. కిట్టులోని గాజు సీసాను నీళ్లలో మోచేతి లోతున ముంచి, నిండాక లోపలే మూత పెట్టండి. సీసాలో ఒక్క బుడగ కూడా ఉండొద్దు, ఉంటే పారబోసి మళ్లీ పట్టండి. మొదటి రెండు మందుల చుక్కలు వేశాక సీసాలో ముద్దలా దిగే పదార్థం రంగు చూడండి. గోధుమ రంగు అయితే ఆక్సిజన్ ఉంది, ఎంతన్నది మిగతా చుక్కలతో తేలుతుంది. తెల్లగా ఉంటే ఆ నీళ్లలో దాదాపు ఏమీ లేనట్టే, లెక్క తీయాల్సిన పని లేదు. లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే పిల్లలను దించొచ్చు. 3 కన్నా తక్కువైతే వాయిదా వేయాలి.

అలుగు ఆగాకే

పిల్లలను ఆగస్టులో వదిలేసి సెప్టెంబర్ వానలకు అలుగు మీదుగా పోగొట్టుకోవడం ఏటా జరిగేదే. చేప పారే నీళ్లకు ఎదురెక్కుతుంది, కిందికీ పోతుంది. అలుగు పోయడం ఆగి వారం గడిచాకే విత్తనం దించితే మేలు. ఆ వారంలో మొదటి వరదతో పత్తి చేలల్లోంచి కొట్టుకొచ్చిన పురుగుమందు కూడా పలచబడుతుంది. పత్తికి కొట్టే పైరెత్రాయిడ్ రకం మందులు చేపలకు కొద్ది మోతాదులోనే విషం.

అలుగుకు వలలు, జాలీలు అడ్డం కట్టొద్దు. గడ్డి, తుంగ, కొమ్మలు వచ్చి జాలీకి అడ్డం పడతాయి, నీళ్లు పోయే దారి మూసుకుని చెరువు మట్టం పెరుగుతుంది, కట్టకే ముప్పు వస్తుంది. చేపల కోసం కట్టను పణంగా పెట్టకూడదు. తూముకు మాత్రం లోపలి వైపు సెంటీమీటరు సందుల ఇనుప జాలీ పెట్టొచ్చు. పొలాలకు నీళ్లు వదిలే రోజుల్లో రోజుకొకసారి దాని మీద చెత్త తీయాలి. లేదంటే ఆయకట్టు రైతులే దాన్ని విరగ్గొడతారు, అందులో వాళ్ల తప్పు కూడా ఉండదు.

విత్తనం దించేలోపు ఆయకట్టు రైతులతో, నీటి సంఘంతో కూర్చుని ఒక మాట రాసుకోవాలి: తూము స్తంభం మీద ఫలానా గీత దాకా నీళ్లు వచ్చాక తూము మూస్తాం, ఆ మిగిలినవి చేపలకు, గొడ్లకు. గీత పెయింటుతో కళ్ల ముందు ఉంటే తగాదా తక్కువ.

లారీ దగ్గర లెక్కబెట్టడం

2016-17 నుంచి రాష్ట్రంలో ఉచిత చేపపిల్లల పంపిణీ జరుగుతున్నప్పటి నుంచి లెక్క, సైజు మీద గొడవలు ఎక్కువయ్యాయి. ఏడాదంతా నీళ్లుండని చెరువులకు 35–40 మిల్లీమీటర్లు, జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లు అన్నది పథకం కొలత. సంఘం డబ్బుతో కొన్నా, ప్రభుత్వం ఇచ్చినా, సంతకం పెట్టేలోపు రెండు పనులు చేయాలి.

మొదటిది లెక్క. జల్లెడ రంధ్రాలున్న స్టీలు కప్పుతో పిల్లలను తీస్తారు. లారీ మొదట్లో, నడుమ, చివర్లో కలిపి ఐదు కప్పులు మీరే ఎంచుకుని, ఒక్కో కప్పును తడి పళ్లెంలో పోసి లెక్కపెట్టండి. నీళ్లు పూర్తిగా కారిపోయాకే కప్పు నిండినట్టు. ఐదు కప్పుల్లో 212, 198, 205, 190, 220 వచ్చాయనుకోండి, సగటు 205. మొత్తం 70 కప్పులు దించితే 14,350 పిల్లలు. మొదటి ఒక్క కప్పునే లెక్కపెట్టి మిగతావి నమ్మితే మోసం అక్కడే జరుగుతుంది, తర్వాతి కప్పులు సగమే నిండుతాయి. కప్పులకు గీతలు గీసే మనిషి ఒకరు, కప్పు నింపు చూసే మనిషి ఒకరు వేరువేరుగా ఉండాలి.

రెండోది సైజు. చెక్క పలక మీద స్కేలు బిగించి, చివర అడ్డం చిన్న బద్ద కొట్టండి. పలకను తడిపి, పిల్ల ముట్టె బద్దకు ఆనించి తోక కొస దాకా చూడాలి. వందను కొలవాలి. వందలో ముప్పై చెప్పిన సైజు కన్నా చిన్నవి వస్తే ఆ సంఖ్యే రసీదు మీద రాసి సంతకం పెట్టండి. చేతులు తడిగా ఉండాలి, పొడి చేతితో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పిల్ల రెండు రోజుల్లో పుండు పడుతుంది.

కొలుస్తూనే చూసుకోవాల్సినవి: మొప్పలు ఎర్రగా ఉన్నాయా, తోక రెక్క చీలిందా, ఒంటి మీద దూదిలాంటి తెల్ల మచ్చలున్నాయా. పళ్లెంలో నీళ్లు తిప్పితే ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఎదురు ఈదుతుంది. బొచ్చె తల పెద్దగా, నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వ నోరు కిందికి, పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. బంగారు తీగకు నోటి దగ్గర రెండు జతల మీసాలు. మూడు రకాలు చెప్పి ఒకే రకం పోస్తే ఇక్కడే తెలిసిపోతుంది.

దించడం

పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం ఐదు తర్వాత. సంచుల్లో వస్తే మూతి విప్పకుండా పావుగంట నీళ్లలో తేలనివ్వండి. తర్వాత విప్పి చెరువు నీళ్లు గిన్నెతో కొద్దికొద్దిగా ఇంకో పావుగంట పోయండి. అప్పుడు సంచిని పక్కకు వంచితే పిల్లలు వాటంతట అవే ఈదిపోతాయి. లారీ ట్యాంకుల్లో వస్తే ట్యాంకు నీళ్లలో, చెరువు నీళ్లలో థర్మామీటర్ పెట్టి చూడండి, తేడా మూడు డిగ్రీలు ఉంటే చెరువు నీళ్లు ట్యాంకులోకి తోడి సమం చేయాలి. కట్ట మీంచి బకెట్లతో విసరొద్దు. ఫొటోలకు బాగుంటుంది గానీ, పడ్డ దెబ్బకు పిల్లలు కొన్ని గంటల్లోనే చస్తాయి, అవి అడుగున చస్తాయి కాబట్టి ఎవరికీ కనిపించవు.

తూముకు దూరంగా, మీటరు లోతున్న మూడు నాలుగు చోట్ల పంచి దించండి. ఒకే చోట పోస్తే వాలుగలు గుంపు కట్టి తింటాయి.

200 పిల్లలను వేరు చేసి, రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న హాపాను నాలుగు కర్రలకు కట్టి నీళ్లలో నిలబెట్టి అందులో ఉంచండి. 24 గంటల తర్వాత లెక్కపెట్టండి. పది లోపు చస్తే విత్తనం, ప్రయాణం బాగున్నట్టు. 40 చస్తే చెరువులో దించినవాటిలోనూ అదే పాలు పోయినట్టు లెక్క, అంటే 14,350లో 2,870. ఆ అంకె పిల్లలు ఇచ్చినవాళ్లతో మాట్లాడటానికి, ఏడాది లెక్క సరిచేసుకోవడానికి రెండింటికీ కావాలి.

జనవరిలో చేపలు ఎన్నున్నాయో తెలుసుకోవడం

ఎవరూ నీళ్లలోకి తొంగిచూసి చెప్పలేని ఈ సంఖ్యను ఒక కత్తెరతో కనుక్కోవచ్చు. జనవరి మొదట్లో లాగుడు వలతో 200 చేపలు పట్టి, దెబ్బ తగలకుండా ఒక్కోదానికి కడుపు కింది రెక్క కొస అర సెంటీమీటరు కత్తిరించి వెంటనే వదిలేయండి. చేపకు దాంతో ముప్పు లేదు. పది రోజులాగి, చెరువులో వేరువేరు చోట్ల వల వేసి 350 పట్టారనుకుందాం. వాటిలో రెక్క కత్తిరించినవి పది ఉంటే, 200ను 350తో హెచ్చించి పదితో భాగించాలి. 7,000 చేపలు. మనం పట్టాలనుకున్న 6,880కు ఇది దగ్గరే. 3,000 వచ్చి ఉంటే సగానికి పైగా పోయాయని జనవరిలోనే తెలిసేది.

గుర్తున్నవి పది కన్నా తక్కువ దొరికితే లెక్కను నమ్మొద్దు, ఇంకో రోజు వల వేసి కలపండి. వదిలిన చోటే మళ్లీ పట్టినా తప్పు లెక్క వస్తుంది. అలుగు పోస్తున్న చెరువులో, కాలువ పారుతున్న చెరువులో ఇది పనిచేయదు.

అదే రోజు 30 చేపల పొడవు, బరువు రాయండి. గ్రాముల బరువును వందతో హెచ్చించి, సెంటీమీటర్ల పొడవును మూడుసార్లు వేసి హెచ్చించిన అంకెతో (40 × 40 × 40 లాగా) భాగించాలి. 40 సెంటీమీటర్ల రవ్వ 800 గ్రాములుంటే 1.25. ఫిబ్రవరిలో అదే పొడవు చేప 640 గ్రాములే ఉంటే 1.00. చేప పొడుగవుతోంది గానీ ఒళ్లు పట్టడం లేదు, తిండి చాలడం లేదన్నమాట. ఇలా వచ్చిన వారంలోనే పట్టడం మొదలుపెట్టి మందను పలచన చేయాలి.

పట్టడం, వల కన్ను

లెక్కలో ఉన్న చెరువులో 5,160 కిలోల చేప ఏప్రిల్‌లో 16 ఎకరాల్లో ఉంటే ఎకరాకు 322 కిలోలు. మే నెలలో నీళ్లు ఆరు ఎకరాలకు దిగితే ఎకరాకు 860 కిలోలు, మోకాలు లోతు వేడి నీళ్లలో. ఆ మంద తెల్లవారేదాకా బతకదు. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ పట్టేది తగ్గుతుంది, చేపకు కావాల్సింది పెరుగుతుంది. అందుకే ఫిబ్రవరి చివరికి సగం, ఏప్రిల్ మొదటి వారానికి నాలుగింట మూడు వంతులు ఒడ్డుకు చేరాలి. మిరుగు (మృగశిర కార్తె) నాడు ధర బాగుంటుందని జూన్ దాకా అన్నీ ఆపుకున్న చెరువులే మేలో ఎక్కువ నష్టపోతాయి. మిరుగు కోసం ఆపాలనుకుంటే లోతు గుంత ఉన్న మేరకే ఆపండి.

ఏ కన్ను వల కొనాలో దుకాణంలో అడగొద్దు, దారంతో తేల్చుకోండి. మీరు పట్టాలనుకున్న సైజు చేపకు వీపు రెక్క ముందు లావైన చోట దారం చుట్టి కొలవండి. చుట్టుకొలత 30 సెంటీమీటర్లు ఉంటే దాన్ని రెండున్నరతో భాగిస్తే 12. కన్నును సాగదీసి ముడి నుంచి ముడికి కొలిస్తే 12 సెంటీమీటర్లున్న వల ఆ చేపను పట్టి, చిన్నవాటిని వదిలేస్తుంది. కొన్ని దుకాణాల్లో సాగదీయని కన్ను కొలత చెబుతారు, అది ఇందులో సగం ఉంటుంది. టేపు జేబులో పెట్టుకుపోవడం మంచిది.

ప్రతి రాత్రి ఎన్ని వలలు వేశారు, రకాలవారీగా ఎన్ని చేపలు, ఎన్ని కిలోలు అన్నది పొద్దున కాటా దగ్గరే రాయాలి, ఇంటికి పోయి గుర్తు తెచ్చుకుని కాదు. కిలోలను వలల సంఖ్యతో భాగించండి. జనవరిలో పది వలలకు 62 కిలోలు, అంటే వలకు 6.2. మార్చిలో వలకు 9 కిలోలు పడితే చేపలు పెరిగాయని సంబరపడొద్దు. నీళ్లు తగ్గి చేపలన్నీ ఒకచోట చేరాయి, అంతే. అందుకే ఆ అంకె పక్కన ఆ రోజు నీళ్ల ఎకరాలు తప్పక ఉండాలి.

ఆగస్టు ప్రాంతంలో గడ్డి పక్కన నీళ్ల మీద ఎర్రటి, నారింజ రంగు పిల్లల గుంపు బంతిలా కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమట్ట పిల్లలు. కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, దగ్గరికొచ్చిన దేని మీదికైనా దూకుతాయి. ఆ కోపాన్ని ఆసరా చేసుకుని గాలం వేసేవాళ్లున్నారు. ఆ రెండింటినీ పడితే వందల పిల్లలు ఒక్క పూటలో పక్క చేపల పాలవుతాయి. కొర్రమట్ట మన రాష్ట్ర చేప, కిలోకు అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేది కూడా. పిల్లలను కాచుకునే ఆ రోజుల్లో వాటి జోలికి పోవద్దని సంఘం తీర్మానం రాసుకోవాలి. చెరువు మధ్యలోని పరకలు, జెల్లలు పేదింటి కూర, వాటిని పనికిరాని చేపలని తీసిపారేయొద్దు.

చేపలు చస్తే

ముందు కారణం తేల్చండి. తెల్లవారుజామున నోరు పైకి తెరిచి గాలి మింగుతూ ఉండి, పెద్దవి ముందు చచ్చి, చిన్నవి బతికి ఉంటే ఆక్సిజన్ చాలలేదు. మబ్బు పట్టిన రోజుల తర్వాత, వేసవి గాలివాన చెరువు నీళ్లను కలియబెట్టిన రాత్రి ఇది జరుగుతుంది. ఇంజన్ పెట్టి నీళ్లు తోడి అదే చెరువులోకి ఎత్తు నుంచి జల్లుగా పోయించాలి, కోళ్ల ఎరువు, పేడ వేస్తుంటే ఆపాలి, సూర్యుడు పైకొచ్చాక చేప పట్టి పలచన చేయాలి.

పగలు ఏ వేళైనా గిర్రున తిరుగుతూ, చిన్నా పెద్దా తేడా లేకుండా చస్తూ, వాటితోపాటు రొయ్యలు, నీటిపురుగులు కూడా చచ్చి ఉంటే పురుగుమందు. ఒడ్డున ఖాళీ డబ్బాలు, స్ప్రే ట్యాంకు కడిగిన చోట వెతకండి. కడిగిన గాజు సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి లీటరు నీళ్లు పట్టండి. కొన ఊపిరితో ఉన్న చేపలు రెండు మూడింటిని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఐసు పెట్టెలో పెట్టాలి, ప్లాస్టిక్ సంచిలో కాదు. కుళ్లిన చేప పరీక్షకు పనికిరాదు. తేదీ, గంట, చోటు చీటీ రాసి అంటించి 24 గంటల్లో పరీక్షకు పంపేలా మత్స్యశాఖ వాళ్లకు అందించండి. ఆ చేపలను ఎవరూ తినకూడదు, అమ్మకూడదు.

మూసీ నీళ్లు కాలువల ద్వారా చేరే చెరువులకు జూన్ తొలి వానల్లో నల్లటి మురుగు ఒక్కసారిగా వచ్చి పడే ప్రమాదం ఉంది. వాటిలో మే చివరికే చేపంతా పట్టేయడం మంచిది.

జలాశయాల్లో

నాగార్జునసాగర్, శ్రీశైలం వెనుక జలాలు, జూరాల, కోయిల్‌సాగర్, డిండి వంటి చోట్ల పైన చెప్పిన పిల్లల లెక్క ఒక సంఘం చేతిలో ఉండదు. అక్కడ ముఖ్యం పట్టే తీరు. కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు అలివి వలలు (చాలా సన్న కన్ను వలలు) లాగితే అరచేతిలో పట్టేంత పిల్లలు కూడా కుప్పలుగా ఒడ్డుకొచ్చి, ఎండుచేపగా కిలోల్లో పోతాయి. ఆ కుప్పలో ఒక కిలో తీసుకుని రకాలవారీగా వేరు చేసి లెక్కపెట్టండి. వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలు అందులో ఎన్నున్నాయో రాసి తేదీతో ఫొటో తీసి మత్స్యశాఖకు ఇస్తే, ఉత్త ఫిర్యాదు కన్నా దానికి బలం ఎక్కువ. గుడ్డు పెట్టే వానాకాలపు నిషేధ నెలల్లో పుట్టి దించొద్దు. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, కొలతల్లో సందేహాలుంటే నోటుబుక్కు పట్టుకుని అక్కడికి వెళ్లొచ్చు.

మే చివర్లో

చెరువు అడుగు బయటపడ్డాక ఇంకో పూట పని ఉంటుంది. చివరి గుంటలు ఎక్కడున్నాయో, ఒక్కోటి ఎన్ని గజాలో, ఎంత లోతో టేపుతో కొలిచి ఫోన్‌లో చోటు గుర్తు పెట్టుకోండి. వాటిలో మిగిలిన వాలుగను, ఆఫ్రికన్ క్యాట్ ఫిష్‌ను, జిలేబీని వలతో తీసేయండి. కొర్రమట్ట జతలను కొన్నింటిని వదిలేయండి. తూము జాలీ విప్పి తుప్పు గీకి రంగు వేయండి, స్తంభం మీద చెరిగిన గీతలు మళ్లీ దిద్దండి. వదిలిన పిల్లలు, పట్టిన చేపలు, ఏప్రిల్ ఎకరాలు మూడూ ఒక పేజీలో రాసి సంఘం సమావేశంలో చదవండి. జూన్‌లో ఎన్ని పిల్లలు కావాలని కాగితం పెట్టేటప్పుడు రాయాల్సిన అంకె ఆ పేజీ నుంచే వస్తుంది.